రైఫిల్‌కు నాలుగడుగుల దూరం: ఎలుగుబంటి వేటకు పిస్టల్ క్యాలిబర్ ఎంచుకున్న నా అనుభవం

నల్ల ఎలుగుబంటి వేటకు వెళ్లేవాడి భుజాన రైఫిల్ ఎలాగూ ఉంటుంది కదా, మళ్లీ పిస్టల్ దేనికి అని నేనూ అనుకున్నాను. మూడేళ్ల క్రితం మే నెలలో, మా వీధిలో ఉండే పెద్దాయన వెంట సాయానికి వెళ్లినప్పుడు ఆ అనుమానం తీరిపోయింది. ఆయన అమెరికాలో మొంటానా రాష్ట్రంలోని గాలటిన్ కొండల్లో, కరిగిన మంచు కింద నుంచి పచ్చగడ్డి మొలిచిన ఒక వాలు మీద ఎలుగును కొట్టారు. దాని తోలు ఒలిచి మాంసం విడదీయడానికి ఇద్దరం మోకాళ్ల మీద కూర్చున్నాం. మోచేతుల దాకా నెత్తురు, కొవ్వు. ఒక చేతిలో కత్తి, మరో చేతిలో పట్టుకు నిలవని వెనక కాలు. రైఫిల్ నాలుగడుగుల దూరంలో ఒక ఫర్ చెట్టుకు ఆనించి ఉంది. అప్పటికే పైన బొంతకాకులు తిరగడం మొదలైంది. ఈ వాసనకు గ్రిజ్లీ, అంటే నల్ల ఎలుగు కంటే పెద్దదైన గోధుమరంగు ఎలుగు, వస్తే ఏం చేస్తామని అడిగితే, ఆయన పని ఆపకుండానే గడ్డంతో తన ఛాతీ వైపు చూపించారు. అక్కడ తోలు ఒరలో రివాల్వర్ ఉంది. ఆ నాలుగడుగులు నడిచే వ్యవధి ఉండదన్నది ఆయన జవాబు.

నేను బోజ్‌మన్‌లో లేజర్లు తయారుచేసే ఒక చిన్న సంస్థలో పని చేస్తాను. పుట్టి పెరిగింది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. జీడి, పనస తోటల్లోకి ఎలుగులు వచ్చిపోవడం మాకు కొత్త సంగతి కాదు. జీడిపళ్లు రాలే రోజుల్లో చీకటితో తోటకు వెళ్లవలసి వస్తే మా తాతయ్య డబ్బా వాయించుకుంటూ వెళ్లేవాడు. అక్కడి ఎలుగును 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతుంది, దాన్ని వేటాడే మాటే లేదు. ఇక్కడ నల్ల ఎలుగు వేటకు లైసెన్సు ఇస్తారు, కానీ అదే అడవిలో తిరిగే గ్రిజ్లీని 1975 నుంచి కేంద్ర చట్టం కాపాడుతోంది. అందుకే మొంటానాలో నల్ల ఎలుగు లైసెన్సు కొనాలంటే ముందు రెండు జాతులనూ గుర్తుపట్టే పరీక్ష రాసి నెగ్గాలి. రంగును నమ్మకూడదన్నది అందులో మొదటి పాఠం, ఎందుకంటే నల్ల ఎలుగుల్లో దాల్చినచెక్క రంగువీ, లేత గోధుమ రంగువీ ఉంటాయి. భుజాల మీది మూపురం, ముఖం వంపు, చెవుల పొడవు, ముందు గోళ్లు చూడాలి; మూపురం, పొడుగాటి గోళ్లు గ్రిజ్లీవి. ఇదంతా రైఫిల్ పేల్చే ముందు చూడవలసిన సంగతి. పిస్టల్ అవసరం పడే క్షణంలో ఇవేవీ చూడలేము. మీదికి వచ్చేది ఈ ప్రాంతంలో గ్రిజ్లీయే అయ్యే అవకాశం ఎక్కువ అనుకుని సిద్ధపడాలి.

కొనడం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు తరచుగా అడిగేది ఇదే. హెచ్1బీ వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఇక్కడి కేంద్ర చట్టం మామూలుగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది గానీ, ఆ మినహాయింపును నమ్ముకుని గ్రీన్‌కార్డు అవకాశాన్ని పణంగా పెట్టే ధైర్యం నాకు లేకపోయింది. కార్డు వచ్చేదాకా ఆగాను. తర్వాత దుకాణంలో 4473 నంబరు ఫారం నింపి, అందులో నా ఏలియన్ నంబరు రాసి, నేర చరిత్ర తనిఖీ ముగిశాక గానీ చేతికి ఇవ్వలేదు. 1985 తర్వాత పుట్టినవాణ్ణి కనుక వేట శిక్షణ కూడా తప్పనిసరి అయింది. పెద్దవాళ్లు ఇంట్లోనే ఆన్‌లైన్‌లో పూర్తి చేయవచ్చు. నేను మాత్రం కోరి తరగతికే వెళ్లి పదకొండు, పన్నెండేళ్ల పిల్లల మధ్య కూర్చున్నాను; తుపాకీ గొట్టం ఎటు చూస్తోందో గమనించే అలవాటు వాళ్లలో నాకంటే చాలామందికి ఎక్కువ.

ఇక క్యాలిబర్, అంటే గుండు వ్యాసాన్ని బట్టి తూటాకు ఉండే కొలత. భౌతికశాస్త్రం చదువుకున్నవాడు చేసే తప్పే నేనూ చేశాను. స్ప్రెడ్‌షీటు తెరిచి, గుండు బరువూ వేగమూ వేసి, ఒక్కో తూటా శక్తిని జౌళ్లలో లెక్కగట్టాను. ఇక్కడ తూటా అంటే ఇత్తడి తొడుగు, తుపాకీ మందు, గుండు కలిసిన మొత్తం. గుండు అంటే గొట్టంలోంచి వెళ్లే లోహపు ముక్క మాత్రమే. ఈ తేడా ముందు ముందు అవసరమవుతుంది. నా పట్టికలో అన్నిటికంటే కింద 9 ఎంఎం, దాదాపు 500 జౌళ్లు. దానిపైన 1935లో వచ్చిన .357 మ్యాగ్నమ్, 180 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువును చెప్పే చిన్న కొలత) గుండుతో దాదాపు 900. దానితో ఇంచుమించు సమానంగా 1983 నాటి 10 ఎంఎం. నాలుగంగుళాల గొట్టంలోంచి 240 గ్రెయిన్ల గుండును సెకనుకు 1,250 అడుగుల వేగంతో పంపే .44 మ్యాగ్నమ్ 1,100 దాటుతుంది. .454 కాసుల్ రెండు వేలు దాటుతుంది. 2003లో వచ్చిన .500 మ్యాగ్నమ్ 3,500 దాటి, నా .30-06 రైఫిల్‌తో పోటీ పడుతుంది. ఆ రైఫిల్ లెక్క దాదాపు 3,900.

ఆ పట్టికను చూస్తే ఎవరికైనా .44 దగ్గర చూపు ఆగుతుంది. దానికి చరిత్ర కూడా తోడైంది. పక్క రాష్ట్రం ఐడహోలోని సాల్మన్‌లో నివసించిన ఎల్మర్ కీత్ అనే వేటగాడు పాత .44 స్పెషల్ తూటాలో మందు పెంచుతూ ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలే 1955లో .44 మ్యాగ్నమ్ పుట్టుకకు దారి తీశాయి. ఈ కొండల మనుషుల అవసరంలోంచి పుట్టిన తూటా అది. పెద్దాయన ఛాతీ మీద ఉన్నదీ అదే. ఇక ఆలోచించేదేముందని, రోజంతా మోయాలి కనుక బరువు తక్కువ ఉండాలన్న ఒక్క షరతుతో, 700 గ్రాములు తూగే తేలిక లోహపు రివాల్వర్ కొన్నాను. కొనేటప్పుడు దుకాణంలోని ముసలాయన నా చేతుల వంక చూసి ఏదో అనబోయి ఊరుకున్నాడు.

మొదటి తూటా పేల్చినప్పుడు ఆయన ఏమనబోయాడో తెలిసింది. అరచేతిలో, బొటనవేలి మొదట్లో ఎవరో సుత్తితో కొట్టినట్టయింది. రెండోది పేల్చే ముందే కన్ను మూసుకుపోయింది, చెయ్యి కిందికి గుంజుకుంది. ఏడు గజాల దూరంలో భోజనం ప్లేటంత కాగితం. ఐదింటిలో రెండు తగిలాయి, అవీ అంచున. అంతకంటే పెద్ద సంగతి మరొకటి జరిగింది. ఆ రోజు రెండో విడతలో నాలుగోసారి ట్రిగ్గర్ లాగితే కదలలేదు. తూటాలు అమరి తిరిగే సిలిండర్ బిగుసుకుపోయింది. తీసి చూస్తే, ఇంకా పేలని ఒక తూటాలో గుండు తొడుగులోంచి ముందుకు జరిగి, సిలిండర్ ముఖం దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంది. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు తొడుగు దానితోపాటు వెనక్కి వెళుతుంది. బరువైన గుండు మాత్రం జడత్వం వల్ల ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. ప్రతి తన్నుకూ కొంచెం కొంచెంగా తొడుగులోంచి ఊడి వస్తుంది. తుపాకీ ఎంత తేలికైతే ఆ కుదుపు అంత తీవ్రం. రివాల్వర్ ఎప్పుడూ మొరాయించదని అంతకుముందు పదిమంది నాతో అన్నారు. ఎలుగు ఎదుటే ఇది జరిగి ఉంటే, సరిచేయడానికి నాకు పట్టిన నాలుగు నిమిషాలు అది ఆగి ఉండేది కాదు.

ఇంటికి వచ్చి చెయ్యి ఐస్‌లో పెట్టుకుని, ముందే చేయవలసిన లెక్క అప్పుడు చేశాను. ఎలుగుకు ఎంత శక్తి తగులుతుందన్నది కాదు, నా మణికట్టుకు ఎంత తగులుతుందన్నది. గుండు, మందు కలిసి ముందుకు మోసుకెళ్లే ద్రవ్యవేగాన్ని తుపాకీ బరువుతో భాగిస్తే అది వెనక్కి వచ్చే వేగం తెలుస్తుంది. ఆ తేలిక రివాల్వర్ ఒక్కో తూటాకు 40 జౌళ్లకు పైగా నా చేతిలోకి తన్నుతోంది. అదే తూటాను కిలో 300 గ్రాముల ఉక్కు రివాల్వర్‌లో పేలిస్తే అది 22కు పడిపోతుంది. నిండు మ్యాగజైన్‌తో కిలో పైన తూగే 10 ఎంఎం పిస్టల్‌లో 200 గ్రెయిన్ల గుండుతో 13. అవతలి వైపు పట్టికలో .44, 10 ఎంఎం మధ్య తేడా నాలుగో వంతు కూడా లేదు. ఇవతలి వైపు పట్టికలో మూడింతలు ఉంది. అసలు ఆ తూటాల పేర్లే మనల్ని మోసం చేస్తాయి. .44 గుండు నిజమైన వ్యాసం 0.429 అంగుళం, అంటే 10.9 మిల్లీమీటర్లు, 10 ఎంఎం గుండుది 10.16. రెండు రంధ్రాల మధ్య తేడా మిల్లీమీటరు కూడా లేదు.

ఆ తేలిక రివాల్వర్‌ను నష్టానికే అమ్మేసి, రెండు నెలలపాటు దొరికినవన్నీ పేల్చి చూశాను. కొన్ని ప్రాక్టీసు రేంజిలో అద్దెకు తీసుకున్నవి, కొన్ని పెద్దాయనవీ ఆయన స్నేహితులవీ. కొలత ఒక్కటే పెట్టుకున్నాను: ఛాతీ మీది ఒరలోంచి తీసి, ఏడు గజాల్లోని కాగితం ప్లేటులో రెండు గుండ్లు పెట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుంది? కొలవడానికి తుపాకీ శబ్దాన్ని పట్టే చిన్న టైమరు ఉంటుంది, అది అబద్ధం చెప్పదు. ఎలుగు గంటకు 50 కిలోమీటర్ల పైన పరుగెత్తగలదు. అంటే సెకనుకు 14 మీటర్లు. పాతిక గజాల దూరంలో పొదలోంచి బయలుదేరిన జంతువు రెండు సెకన్లు నిండకముందే మన మీద ఉంటుంది. అంత వ్యవధిలో నాకు ఒక గుండు దక్కితే గొప్ప, రెండు దక్కితే అదృష్టం.

.454 గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. మూడు తూటాలతో దండం పెట్టి తిరిగి ఇచ్చేశాను. .500ను ముట్టుకోలేదు. ఉక్కు రివాల్వర్‌లో .44 నన్ను ఆశ్చర్యపరిచింది. మొదటి గుండు రెండు సెకన్లకు కొంచెం పైన, బాగానే తగిలింది. రెండోది రావడానికి మరో సెకను. మందు కొంచెం తగ్గించిన తూటాలతో ఆ వ్యవధి ఇంకా తగ్గింది. దాన్ని ఎంచుకున్నవారిని నేను తప్పుపట్టను, పెద్దాయన నలభై ఏళ్లుగా అదే మోస్తున్నారు. కానీ కిలో 300 గ్రాముల ఇనుము, ఆరు తూటాలు, సాయంత్రానికి మెడ లాగేసే బరువు. .357 చక్కగా పేలింది, తన్ను కూడా భరించదగినదే. అయితే చెవులు చిల్లులు పడే దాని చప్పుడుకు నా చెయ్యి బెదిరింది. రేంజిలో చెవులకు రక్షణ పెట్టుకుంటాం, అడవిలో పెట్టుకోం కదా అన్న ఆలోచన అప్పుడే తట్టింది. నిజానికి మ్యాగ్నమ్‌లన్నిటిదీ ఇదే కథ, 10 ఎంఎంతో సహా ఏదీ మెత్తటిది కాదు. 10 ఎంఎంతో మొదటి గుండు రెండు సెకన్లకు, రెండోది అర సెకనులోపే. ఆరింటిలో ఐదు ప్లేటులోనే. కాగితం మీద రెండో స్థానంలో ఉన్నది నా చేతిలో మొదటి స్థానానికి వచ్చింది.

ఈ మణికట్టు సంకటం నాకు ఒక్కడికే ఎదురైనది కాదని తర్వాత తెలిసి కొంత ఊరట కలిగింది. 1986లో మయామీలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లు చనిపోయాక ఎఫ్‌బీఐ బలమైన తూటా కోసం వెతికి 10 ఎంఎం తీసుకుంది. పూర్తి మందుతో దాని తన్ను ఎక్కువగా ఉందని మందు తగ్గించి వాడింది. తగ్గించిన ఆ శక్తికి అంత పొడవైన తొడుగు అక్కర్లేదు కనుక 1990లో పొట్టి తమ్ముడిలా .40 వచ్చింది. అలా పోలీసులు వదిలేసిన తూటాను వేటగాళ్లు పట్టుకున్నారు. గ్రీన్‌ల్యాండ్‌లో కుక్కల బళ్ల మీద గస్తీ తిరిగే డెన్మార్క్ సిరియస్ దళం ధృవపు ఎలుగుల కోసం మోసేది 10 ఎంఎం పిస్టలే. ఇక 9 ఎంఎం సంగతి. 2016లో అలాస్కాలో అనుభవజ్ఞుడైన ఒక గైడు, తన అతిథుల మీదికి వచ్చిన గోధుమరంగు ఎలుగును 9 ఎంఎం పిస్టల్‌తో ఆపాడు. ఆ ఉదాహరణ చూపించి 9 చాలు అని వాదించేవారు నాకు చాలామంది తగిలారు. ఆయన దశాబ్దాలపాటు ఎలుగుల మధ్య బతికిన మనిషి, ఎక్కడ కొట్టాలో తెలిసి, వాడిన గుండు కూడా గట్టిదీ లోతుగా దిగేదీ. ఆయన చేతిలోని 9కీ, నా చేతిలోని 9కీ పోలిక లేదు.

ఆ గట్టి గుండు దగ్గరికే వస్తున్నాను. నా దృష్టిలో క్యాలిబర్ కంటే ఇదే పెద్ద నిర్ణయం, అయినా దుకాణంలో దీని గురించి ఎవరూ ముందు మాట్లాడరు. మనుషుల నుంచి ఆత్మరక్షణకు అమ్మే గుండ్లకు ముక్కులో గుంట ఉంటుంది. ఒంట్లోకి వెళ్లగానే పువ్వులా విచ్చుకుని, తొందరగా ఆగిపోవడానికే వాటిని అలా చేస్తారు. ఎలుగు విషయంలో అదే లోపం. వసంతంలో బొచ్చు, తోలు, దాని కింద మిగిలిన కొవ్వు, దిట్టమైన భుజం కండ దాటి ఎముకను విరిచి ఇంకా లోపలికి వెళ్లాలి. పరుగెత్తుకొచ్చే జంతువు తల వాలుగా ఉంటుంది కనుక గుండు జారిపోకుండా నేరుగా దిగాలి. దానికి సీసంలో యాంటిమొనీ, తగరం కలిపి పోసిన గట్టి గుండు కావాలి, ముక్కు బల్లపరుపుగా ఉండాలి. నేను ఒక ఆదివారం గ్యాలన్ నీళ్ల డబ్బాలను వరసగా పేర్చి చూశాను. ఒకే పిస్టల్, ఒకే దూరం. గుంట ముక్కు గుండు నాలుగో డబ్బాలో పువ్వులా విచ్చుకుని అందంగా దొరికింది. 200 గ్రెయిన్ల గట్టి గుండు నేను తెచ్చిన ఆరు డబ్బాలనూ దాటి వెనక మట్టికట్టలో ఎక్కడో పోయింది. నీళ్ల డబ్బా ఎలుగు కాదు, నిజమే. కానీ ఆ రెండింటి మధ్య తేడాను చూశాక, మెత్తటి గుండు పెట్టిన .44 కంటే గట్టి గుండు పెట్టిన 10 ఎంఎం నాకు మేలని నిశ్చయమైంది. అలాంటి గట్టి గుండు .357లో పెట్టుకున్నవాడు కూడా బాగానే ఉన్నట్టు.

అంతటితో పని ముగిసిందనుకుంటే పొరపాటు. పిస్టల్‌కు పిస్టల్ రోగాలు ఉంటాయి. నా పిస్టల్ గొట్టం లోపలి గాడులు గుండ్రటి అంచులవి. కవచం లేని సీసపు గుండ్లతో అందులో సీసం పేరుకునే ప్రమాదం ఉందంటారు కాబట్టి, పదునైన గాడులున్న మరో గొట్టం కొని మార్చాను. బల్లపరుపు ముక్కు కారణంగా మొదటి యాభైలో మూడు తూటాలు గొట్టంలోకి ఎక్కక ఇరుక్కున్నాయి. వాటిలో రెండింటికి తప్పు తుపాకీది కాదు, నాది. పిస్టల్ తనంతట తాను మళ్లీ నిండాలంటే వెనక చెయ్యి గట్టిగా నిలబడాలి. మణికట్టు వదులైతే, పేలినప్పుడు వెనక్కి జరిగి కొత్త తూటాను ఎక్కించే పై భాగం పూర్తిగా వెనక్కి రాదు. తోలు ఒలుస్తూ కొవ్వు అంటుకున్న చేత్తో, ఎడమ చేతి సాయం లేకుండా పేల్చవలసి వస్తే ఏం జరుగుతుందో చూడాలని, వంటనూనె రాసుకుని ఒంటి చేత్తో కూడా పేల్చాను. మా ఆవిడ ఆ చొక్కాను ఇప్పటికీ ఉతకనంటుంది. ఆ పై భాగాన్ని మళ్లీ ముందుకు నెట్టే రీకాయిల్ స్ప్రింగ్ మార్చి, పట్టు సరిచేసుకున్నాక, వరసగా 200 గట్టి గుండ్లు ఒక్కటి కూడా ఇరుక్కోకుండా వెళ్లేదాకా దాన్ని అడవికి తీసుకెళ్లకూడదని నియమం పెట్టుకున్నాను. ఇరవై తూటాల పెట్టె నలభై డాలర్ల పైన. ఆ నియమానికైన ఖర్చు ఇంట్లో చెప్పలేదు.

పిస్టల్‌కు మరో లోటు ఉంది: ఎలుగు మీద పడి గొట్టం దాని ఒంటికి ఒత్తుకుపోతే పై భాగం కొంచెం వెనక్కి జరిగి పేలకపోవచ్చు. రివాల్వర్‌కు ఆ బెడద లేదు. పెద్దాయన ఇప్పటికీ నాతో వాదించేది ఈ ఒక్క విషయం మీదే, ఆ విషయంలో ఆయన మాటే సరి.

ఇంత చెప్పాక, నా ఎడమ వైపు నడుముకు వేలాడే మిరప స్ప్రే డబ్బా గురించి కూడా చెప్పాలి. అలాస్కాలో 1985 నుంచి 2006 వరకు జరిగిన స్ప్రే ఘటనలను పరిశీలించి 2008లో వెలువడిన అధ్యయనంలో, గోధుమరంగు ఎలుగుల మీద స్ప్రే 92 శాతం సార్లు పనిచేసింది. స్ప్రే దగ్గర ఉన్న మనుషుల్లో 98 శాతం మందికి ఏ గాయమూ కాలేదు. తుపాకుల మీద 2012లో వచ్చిన అధ్యయనం 269 ఘటనలను చూసింది. పిస్టల్, రివాల్వర్ వంటి చేతి తుపాకులు 84 శాతం, పొడవాటి తుపాకులు 76 శాతం సార్లు ఎలుగును ఆపాయి. కానీ తుపాకీ పేల్చినవారికీ, దగ్గర ఉండి కూడా పేల్చనివారికీ గాయాల విషయంలో గణాంకాల ప్రకారం తేడా కనబడలేదు. ఈ అంకె చదివిన రాత్రి నేను కొన్నదంతా వృథా ఏమో అనిపించింది. తర్వాత నెమ్మదిగా ఆలోచిస్తే, స్ప్రేకు గురి అక్కర్లేదు, మబ్బులా పరుచుకుంటుంది. ఎదురుగాలి వీస్తే మన కళ్లలోనే పడుతుంది. చచ్చిన జంతువును వదలనని వచ్చిన ఎలుగు, కంగారుపడి మీదికి దూకే ఎలుగు ఒకటి కావు. అందుకని రెండూ మోస్తాను. గాలి నా వీపు వైపు నుంచి ఉంటే చెయ్యి మొదట డబ్బా మీదికి వెళ్లాలన్నది నా నియమం. ఒక కారణం చట్టం కూడా. ప్రాణరక్షణకు గ్రిజ్లీని చంపడాన్ని చట్టం ఒప్పుకుంటుంది, కానీ అధికారులకు తెలియజేయాలి, విచారణకు నిలబడాలి. అకారణంగా చంపినట్టు తేలితే భారీ జరిమానా, జైలు కూడా పడవచ్చు.

ఒర విషయంలో నాకు సందేహం రాలేదు. నడుముకు పెట్టుకుంటే వీపు సంచి పట్టీ కింద ఇరుక్కుంటుంది, మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు పిడి నేలకు తగులుతుంది. ఛాతీకి అడ్డంగా పెట్టుకుంటే కూర్చున్నా, వంగినా, వెల్లకిలా పడ్డా చేతికి అదే చోట దొరుకుతుంది. సాధన కోసం పెద్దాయన పొలంలో ఒక ఏర్పాటు చేశాం. పిల్లలు మంచులో జారే ప్లాస్టిక్ స్లెడ్‌కు అట్టముక్క నిలబెట్టి, దానికి తాడు కట్టి, నా పక్కన పాతిన గుంజకున్న కప్పీ మీదుగా ఆ తాడును వెనక్కి తెచ్చాం. నా వెనక చాలా దూరంలో ఆయన నాలుగు చక్రాల బండి మీద ఆ తాడును లాగేవారు. మొదటిసారి స్లెడ్ నా కాళ్ల దగ్గరికి వచ్చేసరికి పిస్టల్ ఇంకా ఒరలోనే ఉంది. పదోసారికి ఒక గుండు తగిలింది. ఎండాకాలం ముగిసేసరికి మూడింటిలో రెండుసార్లు రెండు గుండ్లు తగులుతున్నాయి. .44తో కూడా అదే సాధన చేసి చూశాను. ఎప్పుడూ ఒకటికి మించలేదు.

మరుసటి మే నెలలో నా లైసెన్సుతో నేను వేటకు వెళ్లాను. మొంటానాలో ఎర పెట్టడం నిషేధం, కాబట్టి ఎదుటి వాలులను బైనాక్యులర్‌తో గంటల తరబడి వెతకడమే వేట. ఆరో రోజు సాయంత్రం, గడ్డి మేస్తున్న ఒంటరి ఎలుగు కనబడింది. మూపురం లేదు, చెవులు నిలువుగా, ముఖం తిన్నగా. వెంట పిల్లలు లేవని నిర్ధారించుకోవడానికి నలభై నిమిషాలు చూశాను. రైఫిల్‌తో ఒకే గుండు. దాని దగ్గరికి చేరేసరికి సూర్యుడు కొండ వెనక్కి వెళ్లాడు. పెద్దాయన నిలబడి చుట్టూ చూస్తున్నారు, నేను కత్తి తీశాను. రైఫిల్‌ను ఎక్కడ పెట్టానో తర్వాత అడుగులు వేసి చూసుకుంటే మళ్లీ నాలుగే.

సగం పని అయ్యాక కింది వాగు పొదల్లో కొమ్మ విరిగింది. ఇద్దరం ఆగాం. మళ్లీ విరిగింది, ఈసారి దగ్గరగా. గాలి వాగు వైపు నుంచి మా మొహాల మీదికి వీస్తోంది, అంటే స్ప్రే పనికిరాదు. లేచి నిలబడి పిస్టల్ ఒరలోంచి తీశాను, గొట్టం నేల వైపు. కొవ్వు అంటిన వేళ్ల కింద పిడి గరుకుగా, పట్టుగా తగిలింది. పెద్దాయన మామూలు గొంతుతోనే, కొంచెం బిగ్గరగా, ఇక్కడ మనుషులున్నాం, వెళ్లిపో అన్నారు. నాకు మాత్రం నోట తెలుగే వచ్చింది. తాతయ్య డబ్బా వాయిస్తూ అరిచేవాడే, అదే అరుపు. పొదల్లో ఏదో బరువైనది వెనక్కి తిరిగి వాగు దాటిన చప్పుడు వినబడింది. ఏ జంతువో మేము చూడలేదు. తెల్లారి వెళ్లి చూస్తే వాగు ఒడ్డు బురదలో ఉన్న అడుగులో గోళ్ల గుర్తులు వేళ్లకు చాలా ముందుగా, పొడుగ్గా పడి ఉన్నాయి.

ఆ రాత్రి మాంసాన్ని రెండు విడతలుగా బండి దగ్గరికి చేర్చాం. వేట గురించి 48 గంటల్లోపు రాష్ట్ర వన్యప్రాణి శాఖకు తెలియజేయాలి కాబట్టి మరుసటి మధ్యాహ్నమే ఆ పని ముగించాను. పిస్టల్‌ను విప్పి శుభ్రం చేస్తుంటే ఒక సంగతి కనబడింది: బైనాక్యులర్ సంచి కింది పట్టీ ఒర మూతి మీదికి జారి, పిడిని సగం కప్పేసి ఉంది. వాగు దగ్గర దాన్ని లాగినప్పుడు పట్టీ పక్కకు తప్పుకోవడం నా అదృష్టం. ఇప్పుడు ఆ పట్టీని రెండంగుళాలు పైకి కుట్టించాను. స్లెడ్ సాధనను బైనాక్యులర్‌తో సహా మళ్లీ మొదటి నుంచి చేస్తున్నాను.